కప్పులు, గ్రాములు, సోలలు: కేకు కొలతల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఉన్న మన తెలుగిళ్ళలో ఇప్పుడు బేకింగ్ బాగా పెరిగింది. క్రిస్మస్‌కి కేకు, పిల్లల పుట్టినరోజుకి కేకు, ఒడియావాళ్ళ రజ పండక్కి కాల్చి చేసే పొడపిఠా, ఆదివారం పాల విరుగుడుతో (ఛెనాతో) కాల్చే తీపి ఛెనాపొడ. రెసిపీ మాత్రం ఒక్కోసారి ఒక్కోచోట నుంచి వస్తుంది. హిందీ వీడియోలో కప్పులు చెబుతారు, అమెరికా పుస్తకంలో ఔన్సులు ఉంటాయి, పక్కింటి ఒడియా పిన్నిగారు గిన్నెతో చెబుతారు, మన అమ్మమ్మ సోలతో చెబుతుంది. అందరూ అడిగే సందేహాలు దాదాపు ఒకటే కాబట్టి వాటిని ఇక్కడ దశలవారీగా పెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే దానికే నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

కప్పు అంటే ఏ కప్పు? మా ఇంట్లో టీ కప్పు వాడొచ్చా?

టీ కప్పు వాడకండి. రెసిపీల్లో కప్పు అంటే ఒక పరిమాణం, అది కూడా దేశానికొకటి. అమెరికా రెసిపీల్లో కప్పు సుమారు 240 మి.లీ. ఆస్ట్రేలియాలో 250 మి.లీ. జపాన్‌లో 200 మి.లీ. రైస్ కుక్కర్‌తో పాటు వచ్చే ప్లాస్టిక్ కప్పు సాధారణంగా 180 మి.లీ. మాత్రమే, చాలామంది దాన్నే కొలత కప్పనుకుని కేకుకి వాడేస్తున్నారు. మన దగ్గర బజార్లో దొరికే కొలత కప్పుల సెట్లలో 240వీ ఉన్నాయి, 250వీ ఉన్నాయి. కప్పు అడుగున గానీ పిడి మీద గానీ అంకె ఉంటుంది, కొనేటప్పుడే చూడండి. 240కీ 250కీ తేడా నాలుగు శాతమే, దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు. 180కీ 240కీ తేడా మాత్రం పావు వంతు, కేకు పాడవడానికి అది చాలు.

ఇంట్లో సోల, గిద్ద, తవ్వ ఉన్నాయి. వాటితో కేకు కొలవొచ్చా?

కొలవొచ్చు, కానీ ముందు మీ సోలలో ఎన్ని మిల్లీలీటర్లు పడతాయో తెలుసుకోవాలి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ అనే లెక్క అందరికీ తెలిసిందే. అసలు సోల ఎంత పెద్దదన్నది ఊరినిబట్టి, చేసిన కంచరినిబట్టి మారుతుంది. ఒడిశా వైపు వాడే మాణ అనే కొలపాత్ర సంగతీ అంతే. ఖాళీ సోలని డిజిటల్ కాటా మీద పెట్టి, సున్నా చేసే బటన్ నొక్కి, నిండా నీళ్ళు పోయండి. నీళ్ళు ఒక గ్రాము అంటే ఒక మిల్లీలీటరే కాబట్టి కాటా చూపించే గ్రాములే మీ సోల మిల్లీలీటర్లు. ఆ అంకెని సోల అడుగున మార్కర్‌తో రాసేయండి. అమ్మమ్మ చెప్పిన అరిసెల కొలత కూడా ఆ రోజు నుంచి గ్రాముల్లోకి వస్తుంది. ఆవిడ దగ్గర కూర్చుని ఆ లెక్క రాసుకోవాల్సింది ఇప్పుడే, ఆలస్యం చేయకండి.

కాటా నిజంగా అవసరమా? ఏది కొనాలి?

అవసరం. మైదాని మీరు ఎలా నింపారన్న దాన్నిబట్టి కప్పు బరువు మారుతుంది, తూకం మాత్రం ఎవరు తూచినా ఒకటే. 5 కిలోల వరకు తూచే, ఒక్కో గ్రాము చూపించే మామూలు వంటింటి డిజిటల్ కాటా ఇంటికి సరిపోతుంది. గిన్నె పెట్టాక అంకెని సున్నా చేసే బటన్ తప్పనిసరిగా ఉండాలి. అది ఉంటే ఒకే గిన్నెలో మైదా, పంచదార, నూనె వరసగా తూచుకుంటూ పోవచ్చు, కడగాల్సిన కప్పులూ తగ్గుతాయి. కొత్త కాటా సరిగ్గా చూపిస్తోందో లేదో అనుమానంగా ఉంటే కిరాణా కొట్లో ముద్ర వేసిన 200 గ్రాముల ఇనుప తూకపు రాయిని ఒక్క నిమిషం అడిగి దాని మీద పెట్టి చూడండి.

కాటా లేదు, రేపే పుట్టినరోజు. ఇప్పుడేం చెయ్యను?

ప్యాకెట్లే మీ కాటా. ముందు గ్లాసు సంగతి తేల్చండి. అర లీటరు పాల ప్యాకెట్ కత్తిరించి మీ స్టీలు గ్లాసుల్లో నిండుగా పోయండి. సరిగ్గా రెండు గ్లాసులైతే మీ గ్లాసు 250 మి.లీ., రెండున్నర అయితే 200 మి.లీ. తర్వాత కొత్త 500 గ్రాముల మైదా ప్యాకెట్ విప్పి, స్పూనుతో తేలిగ్గా అదే గ్లాసులోకి నింపుతూ, అంచు గీస్తూ, ఎన్ని గ్లాసులొచ్చాయో లెక్కపెట్టండి. నాలుగొస్తే గ్లాసుకి 125 గ్రాములు. కిలో పంచదార ప్యాకెట్‌తోనూ ఇలాగే చేయండి. పావుగంట పని. కాటా కొన్న తర్వాత కూడా ఈ లెక్క పనికొస్తుంది, ఎందుకంటే ఇది మీ గ్లాసుకి, మీ చేతికి సరిపోయిన లెక్క.

## పొడి సరుకులు

ఒక కప్పు మైదా కొందరు 120 గ్రాములంటారు, కొందరు 150 అంటారు. ఏది నిజం?

రెండూ నిజమే. అందుకే మైదా దగ్గరే ఎక్కువ కేకులు చెడిపోతాయి. పిండిని ఒకసారి కదిపి, స్పూనుతో కప్పులోకి వదిలి, కత్తి వెనక వైపుతో అంచు సమానంగా గీస్తే 240 మి.లీ. కప్పుకి 120 నుంచి 125 గ్రాములు. కప్పునే డబ్బాలో ముంచి తీస్తే పిండి లోపల కుదించుకుపోయి 140 నుంచి 150 గ్రాములు పడుతుంది. ముంచి, పైగా నేలకి తట్టి, మళ్ళీ నింపితే ఇంకా ఎక్కువే. రెండు కప్పుల కేకులో ఈ తేడా 50 గ్రాములు దాటొచ్చు, అంటే దాదాపు అర కప్పు మైదా అదనంగా పడిందన్నమాట. కేకు ఎండిపోయి, పైన పగిలి, మధ్యలో గోపురంలా లేచిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

రెసిపీలో గ్రాములు లేకుండా కప్పులే ఉంటే నేను 125 వేస్తాను. పిండి కొంచెం జారుగా ఉంటే తర్వాత ఒక స్పూను కలుపుకోవచ్చు, ఎక్కువైన పిండిని వెనక్కి తీయలేం.

జల్లించి కొలవాలా, కొలిచి జల్లించాలా?

తూస్తే ఏ వరసైనా ఒకటే, బరువు మారదు. కప్పుతో అయితే చాలా తేడా ఉంటుంది, ఎందుకంటే జల్లించిన మైదా గాలి పట్టి కప్పుకి 100 నుంచి 115 గ్రాములకి దిగిపోతుంది. రెసిపీలో "జల్లించిన మైదా ఒక కప్పు" అని ఉంటే ముందు జల్లించి ఆ తర్వాత కొలవండి. "మైదా ఒక కప్పు, జల్లించాలి" అని ఉంటే కొలిచాకే జల్లించండి. మన వీడియోల్లో ఈ తేడా చాలాసార్లు చెప్పరు. చెప్పనప్పుడు కొలిచి జల్లించడమే మేలు.

మైదా బదులు గోధుమపిండి వేస్తే అదే కప్పు చాలా?

కప్పుకి కప్పు కాదు, గ్రాముకి గ్రాము మార్చండి. మిల్లులో ఆడించిన గోధుమపిండి మెత్తదనం ఒక్కో మిల్లులో ఒక్కోలా ఉంటుంది కాబట్టి కప్పు బరువూ మారుతుంది. 125 గ్రాముల మైదాకి 125 గ్రాముల గోధుమపిండి తూచి వేయండి. పొట్టు ఉన్న పిండి తడి ఎక్కువ పీలుస్తుంది, అందుకని కప్పు పిండికి రెండు మూడు టేబుల్ స్పూన్ల పాలు అదనంగా సిద్ధం పెట్టుకుని, కలిపిన పిండిని పది నిమిషాలు వదిలి చూశాక అవసరమైతేనే పోయండి. కోరాపుట్ వైపు మాండియా పిండితో, అంటే మన చోడిపిండితో (రాగిపిండితో), కేకు చేసేవాళ్ళకీ ఇదే పద్ధతి. పైగా చోడిపిండికి సాగే గుణం లేదు, మొదటిసారి మొత్తం పిండిలో మూడో వంతు వరకే మార్చి చూడండి.

పంచదార ఒక కప్పు అన్నారు. పొడి చేసి వేస్తే కూడా ఒక కప్పేనా?

కాదు. పలుకు పంచదార కప్పుకి 200 గ్రాములు, పంచదార పొడి కప్పుకి 115 నుంచి 120 గ్రాములే. ఒక కప్పు పంచదార మిక్సీలో వేస్తే దాదాపు ఒకటిముప్పావు కప్పుల పొడి వస్తుంది, ఆ పొడంతా వేయాలి. "పొడి చేసిన పంచదార ఒక కప్పు" అని రెసిపీలోనే ఉంటే 120 గ్రాముల పంచదార తూచి పొడి చేస్తే సరి. కొని తెచ్చిన ఐసింగ్ షుగర్‌లో గడ్డకట్టకుండా కొంచెం కార్న్‌ఫ్లోర్ కలుపుతారు, కేకులో దానితో పెద్ద తేడా రాదు.

బెల్లాన్ని కప్పుతో ఎలా కొలవాలి?

బెల్లానికి కప్పు మాట మర్చిపోండి. తురిమినది ఒక బరువు, దంచినది ఒక బరువు, వానాకాలంలో చెమర్చి ముద్దైనది ఇంకో బరువు. వదులుగా వేసిన బెల్లం తురుము కప్పుకి 150 గ్రాముల దగ్గర ఉంటే, అదే నొక్కి నింపితే 200 దాటిపోతుంది. అందుకే తూచే వేయాలి. పంచదార రెసిపీని బెల్లానికి మార్చేటప్పుడు అన్నే గ్రాములు వేసి, పాలు ఒకటి రెండు టేబుల్ స్పూన్లు తగ్గించండి, ఎందుకంటే బెల్లంలో తడి ఉంటుంది. కొన్ని బెల్లాలకి పాలు విరుగుతాయి. బెల్లాన్ని కొద్ది నీళ్ళలో కరిగించి, వడకట్టి, పూర్తిగా చల్లారాకే పిండిలో కలపండి. ఆ నీళ్ళని కూడా రెసిపీలోని తడి లెక్కలో వేసుకోండి. పొడపిఠాకి మాత్రం ఇంత పట్టింపు అక్కర్లేదు. బియ్యం, కొబ్బరి, బెల్లం కలిపి నిదానంగా నిప్పుల మీద కాలే వంటకం అది, తీపి కొంచెం అటూ ఇటూ అయినా తట్టుకుంటుంది.

అన్నీ ఒక్కచోట రాసిస్తారా? ప్రింట్ తీసి వంటింట్లో అంటించుకుంటాం.

240 మి.లీ. కప్పు, నొక్కకుండా నింపి అంచు గీసిన కొలత. బ్రాండుని బట్టి కొద్ది తేడా ఉంటుంది.

- మైదా: 120–125 గ్రాములు
- గోధుమపిండి: సుమారు 120
- బియ్యప్పిండి: 145–155
- బొంబాయి రవ్వ, అంటే ఇక్కడి కొట్లలో సుజి: 165–175
- కార్న్‌ఫ్లోర్: 115–125
- ఓట్స్: 90
- కోకో పొడి: 85
- ఎండుకొబ్బరి పొడి: 85–90
- పంచదార: 200
- పంచదార పొడి: 115–120
- పాలు, పెరుగు: 245
- నూనె: 220
- కరిగిన నెయ్యి: 215–220
- వెన్న: 225
- తేనె: 335–340

మీ కప్పు 250 మి.లీ. అయితే ప్రతి అంకెకీ నాలుగు శాతం కలపండి. 200 మి.లీ. గ్లాసైతే ఆరింట ఐదు వంతులు తీసుకోండి.

## తడి సరుకులు, కొవ్వులు

నూనె 100 మి.లీ. అంటే 100 గ్రాములేనా?

కాదు, 91 లేదా 92 గ్రాములు. నూనె నీళ్ళకంటే తేలిక. లీటరు నూనె ప్యాకెట్ మీద 910 గ్రాములని ఉండేది అందుకే. రెసిపీ మిల్లీలీటర్లలో ఉంటే 0.91తో గుణించి తూచండి. ఇప్పుడు కొన్ని ప్యాకెట్లు చూడ్డానికి లీటరంతే ఉన్నా లోపల తక్కువ ఉంటోంది, ప్యాకెట్ పరిమాణం చూసి ఊహించకుండా దాని మీది అంకె చదవండి.

వెన్న, నెయ్యి గడ్డగా ఉన్నప్పుడు కొలవాలా, కరిగించి కొలవాలా?

తూకానికి తేడా లేదు. 100 గ్రాముల వెన్న కరిగినా 100 గ్రాములే. కప్పుతోనే చిక్కు. డిసెంబర్‌లో కోరాపుట్, జయపురం వైపు చలికి నెయ్యి రాయిలా పేరుకుంటుంది. దాన్ని స్పూనుతో తవ్వి కప్పులో వేస్తే మధ్యలో ఖాళీలు ఉండిపోయి తక్కువ పడుతుంది. అదే మే నెలలో బరంపురంలో నెయ్యి నూనెలా ఉంటుంది, కప్పు నిండుగా వస్తుంది. ఒకే రెసిపీ చలికాలంలో పొడిగానూ, ఎండాకాలంలో జిడ్డుగానూ రావడానికి ఇదొక కారణం.

వెన్నకి ప్యాకెట్టే కొలత. 100 గ్రాముల ప్యాకెట్‌ని చూపుతో నాలుగు సమాన ముక్కలు చేస్తే ఒక్కోటి 25 గ్రాములు. 500 గ్రాముల దిమ్మకీ అదే దారి. వెన్న బదులు నెయ్యి వేస్తే ఇంకో లెక్క ఉంది. వెన్నలో 80 శాతం చుట్టూ కొవ్వు, మిగతాది ఎక్కువగా నీరు. నెయ్యి దాదాపు పూర్తిగా కొవ్వే. కాబట్టి 100 గ్రాముల వెన్న చోట 80 గ్రాముల నెయ్యి వేసి, ఒక టేబుల్ స్పూను పాలు కలపండి. ఉప్పు వెన్న వాడితే రెసిపీలో చెప్పిన ఉప్పు మానేయండి.

కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా 400 గ్రాములంటే ఎన్ని కప్పులు?

దాదాపు 300 మి.లీ., అంటే ఒకటింపావు కప్పు. చిక్కటి పదార్థం కాబట్టి బరువెక్కువ, చోటు తక్కువ. సగం డబ్బా కావాలంటే డబ్బా మీద గీత చూసి వంచకండి, గిన్నెలోకి 200 గ్రాములు తూచి పోయండి.

గుడ్లు చిన్నవి దొరుకుతున్నాయి. రెసిపీలో మూడంటే నాలుగు వేయాలా?

విదేశీ రెసిపీల్లో పెద్ద గుడ్డంటే పెంకు తీశాక సుమారు 50 గ్రాములు. మన బజారు గుడ్డు తరచుగా పెంకు తీశాక 45 దగ్గర ఉంటుంది, నాటుకోడి గుడ్డు ఇంకా తక్కువ. మూడు గుడ్లకి 150 గ్రాములు కావాలి. మూడు కొట్టి తూచి, 135 వస్తే మిగతా 15 గ్రాములకి నాలుగో గుడ్డుని గిలకొట్టి కొంచెం పోయండి. సగం గుడ్డు కావాల్సినప్పుడూ ఇంతే, గిలకొట్టి తూస్తే పని అయిపోతుంది.

ఛెనాపొడకి అర కిలో ఛెనా అన్నారు. ఎన్ని లీటర్ల పాలు విరగ్గొట్టాలి?

ఆవుపాలైతే లీటరుకి 150 నుంచి 200 గ్రాముల ఛెనా వస్తుంది, కాబట్టి మూడు లీటర్లు తీసుకోండి. గేదెపాలకి ఇంకొంచెం ఎక్కువ వస్తుంది. నయాగఢ్ వైపు పుట్టిన ఈ వంటకానికి ఛెనాలో తడి ఎంత ఉందన్నదే ప్రాణం. గట్టిగా పిండిన ఛెనా, వదులుగా వడకట్టిన ఛెనా కప్పులో ఒకేలా కనిపిస్తాయి, కాల్చాక మాత్రం ఒకటి రబ్బరులా, ఒకటి మెత్తగా ఉంటుంది. గుడ్డలో కట్టి నీరు కారడం ఆగేదాకా వేలాడదీసి, ఆ తర్వాతే తూచండి. ఒకసారి బాగా కుదిరితే ఎన్ని లీటర్లకి ఎన్ని గ్రాములు వచ్చాయో రాసి పెట్టుకోండి.

## చిన్న కొలతలు

బేకింగ్ పౌడర్, సోడా, ఉప్పు, ఈస్ట్: ఒక టీ స్పూను ఎన్ని గ్రాములు?

టీ స్పూను 5 మి.లీ., టేబుల్ స్పూను 15 మి.లీ. ఆస్ట్రేలియా రెసిపీల్లో మాత్రం టేబుల్ స్పూను 20. సమానంగా గీసిన టీ స్పూనుకి బేకింగ్ పౌడర్ 4 నుంచి 5 గ్రాములు, వంట సోడా 5 నుంచి 6, సన్న ఉప్పు 6, ఇన్‌స్టంట్ ఈస్ట్ 3. వీటికి మాత్రం తూకం కంటే స్పూనే నమ్మకం. 5 కిలోల కాటా రెండు మూడు గ్రాముల దగ్గర తడబడుతుంది, కొన్నిసార్లు అసలు కదలదు. ఇంట్లో టీ కలిపే స్పూను కాకుండా కొలత స్పూన్లే వాడండి. సోడా ఎక్కువైతే కేకు సబ్బు రుచి వస్తుంది, తక్కువైతే లేవదు.

## రెసిపీ మార్చేటప్పుడు

"ఒక గ్లాసు మైదా, ఒక గ్లాసు పంచదార" అన్నీ ఒకే గ్లాసుతో చేస్తే గ్రాములు ఎందుకు?

మైదా, పంచదార, పాలు, నూనె అన్నీ ఒకే గ్లాసుతో కొలిస్తే వాటి మధ్య నిష్పత్తి నిలుస్తుంది, నిజమే. కానీ గుడ్లు, బేకింగ్ పౌడర్ స్పూన్లు గ్లాసుతో పాటు చిన్నవి కావు. రెసిపీ రాసినవాళ్ళ గ్లాసు 240, మీది 180 అయితే మీ పిండి ముప్పావు వంతు, గుడ్లు మాత్రం పూర్తిగా మూడు. కేకు గుడ్డు వాసన వస్తోందని, పొంగి మధ్యలో కూలిపోయిందని అనేవాళ్ళు ఇది చూసుకోవాలి. గ్లాసు చిన్నదైతే గుడ్లు, బేకింగ్ పౌడర్ కూడా అదే వంతున తగ్గించండి, టిన్ను కూడా చిన్నది తీసుకోండి.

ఔన్సులు, పౌండ్లు, "ఒక స్టిక్ బటర్" ఉంటే?

ఔన్సు 28 గ్రాములు, పౌండు 454. స్టిక్ వెన్న 113 గ్రాములు, అంటే అర కప్పు. ద్రవాల ఔన్సు వేరు, అది సుమారు 30 మి.లీ. ఓవెన్ 350 డిగ్రీల ఫారెన్‌హీట్ అంటే మన ఓటీజీలో (ఇంట్లో వాడే కరెంటు ఓవెన్‌లో) 175 నుంచి 180 డిగ్రీల సెల్సియస్.

రెసిపీ 8 అంగుళాల టిన్నుకి ఉంది, నా దగ్గర 6 అంగుళాలదే ఉంది. సగం చేస్తే సరిపోతుందా?

కొంచెం తక్కువవుతుంది. టిన్ను అడుగు వైశాల్యం చూడాలి. ఆరు ఆర్లు ముప్పై ఆరు, ఎనిమిది ఎనిమిదులు అరవై నాలుగు. 36ని 64తో భాగిస్తే 0.56. కాబట్టి అన్ని సరుకుల్నీ 0.56తో గుణించండి. 250 గ్రాముల మైదా అయితే 140 గ్రాములు. 7 అంగుళాల టిన్నుకి ఇలాగే 0.77. కప్పుల్లో ఉంటే ఈ లెక్క తల నొప్పి, గ్రాముల్లో ఉంటే ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు. 8 అంగుళాల చదరపు టిన్నుకి 9 అంగుళాల గుండ్రటి టిన్ను దాదాపు సమానం.

## కాల్చాక వచ్చే సందేహాలు

గ్రాముల్లో తూచే చేశాను, అయినా గట్టిగా వచ్చింది. ఎందుకు?

కొలత సరిపోయిందంటే తర్వాతి అనుమానం కలిపిన తీరు మీద. మైదా వేశాక ఎక్కువసేపు బీటర్ తిప్పితే కేకు సాగుతుంది. బేకింగ్ పౌడర్ పాతబడిందేమో చూడండి: వేడినీళ్ళలో అర స్పూను వేస్తే వెంటనే బుసబుసా పొంగాలి. కుక్కర్‌లో ఇసుక వేసి కాల్చేవాళ్ళు మంట ఎక్కువ పెడితే అడుగు మాడి లోపల పచ్చిగా ఉంటుంది.

వానాకాలంలో అదే కొలత జారుగా ఎందుకు వస్తోంది?

తీరం దగ్గర గాలిలో తేమకి మైదా కొంచెం తడి పట్టుకుంటుంది. తూకం మార్చకండి. రెసిపీలో చెప్పిన పాలల్లో రెండు టేబుల్ స్పూన్లు పక్కన ఆపి, చివర్లో పిండి చూసి కలపండి. మైదా డబ్బా మూత గట్టిగా ఉండాలి.

అర కిలో కేకు ఆర్డర్ వచ్చింది. అర కిలో పిండి కలపాలా?

ఆర్డర్ ఇచ్చేవాళ్ళు అర కిలో అన్నప్పుడు వాళ్ళ చేతికి వచ్చే బరువు, క్రీముతో కలిపి, అని అర్థం. ఆర్డర్ తీసుకునేటప్పుడే ఆ మాట తేల్చుకోండి. పొయ్యిలో కేకు తడి పోయి దాదాపు పదో వంతు బరువు తగ్గుతుంది. 300 గ్రాముల స్పాంజ్ కావాలంటే 335 గ్రాముల చుట్టూ పిండి టిన్నులో పోయాలి, మిగతా 200 క్రీము, పంచదార నీళ్ళు, పైన అలంకరణ. టిన్నుని కాటా మీద పెట్టి సున్నా చేసి పిండి పోయండి, డబ్బాలో పెట్టేముందు అట్ట బోర్డు బరువు తీసేసి కేకుని మళ్ళీ తూచండి.